కింది అర

మా నాయన ఎందుకు చచ్చిపోయాడో పది మార్కులకు రాయమంటే రాస్తాను. నాలుగు మార్కులకు కుదించమన్నా కుదిస్తాను. నా పని అదే. నంద్యాలలో ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్తాను. ఏటా ఒక పాఠం వస్తుంది: భారత విదేశాంగ విధానం, మౌలిక సూత్రాలు. పంచశీలలో మూడోది, ఒకరి ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోరాదు. పిల్లలు గడగడా అప్పజెప్తారు. నేను శభాష్ అంటాను. అన్నప్రతిసారీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ మూడో సూత్రానికీ నాలుగో సూత్రానికీ మధ్య ఎక్కడో మా నాయన పడి చచ్చాడు. ఆ సంగతి పుస్తకంలో లేదు. ఉన్నా ఒక్క వాక్యం ఉంటుంది, పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు దాన్ని వదిలేస్తారు.

నాయన పేరు రాజశేఖర్. ఎనభై ఏడులో శ్రీలంకకు పోయాడు. అక్కడ తమిళులకూ వాళ్ల సర్కారుకూ యుద్ధం జరుగుతుంటే నడుమ నిలబడడానికి మన దేశం పంపిన సైన్యంలో ఆయన సిపాయి. శాంతి సైన్యం అన్నారు. అప్పటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను. కార్తీకంలో కబురొచ్చింది. శవం రాలేదు. ఒక డబ్బాలో బూడిద వచ్చింది.

మా ఊరు ఆళ్లగడ్డకు దగ్గర. మా చేని గట్టు మీద పాత వీరగల్లు ఒకటుంది. ఊరి కోసమో మంద కోసమో కొట్లాడి చచ్చినవాడికి నిలబెట్టే రాయి అది. దాంట్లో మూడు అరలుంటాయి. పై అరలో సూర్యుడు, చంద్రుడు, నడుమ శివలింగం. మధ్య అరలో చచ్చినవాణ్ణి ఇద్దరు అప్సరసలు చెరో రెక్క పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. కింది అరలో కొట్లాట. అసలు సంగతంతా ఆ కింది అరలోనే. వాడు ఎవరితో కొట్లాడాడు, దేన్ని కాపాడబోయి చచ్చాడు అన్నది అక్కడ కనపడాలి. మా గట్టు మీది రాయిలో కింద ఆవులున్నాయి. మా పెద్దల్లో ఎవరో మందను తోలుకుపోతున్న దొంగలకు అడ్డం పడి చచ్చాడట. ఆయన పేరు ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఆవులు మాత్రం అందరికీ తెలుసు. ఏటా కొత్త జొన్నలు ఇంటికి రాగానే ముందు ఆయనకు ఆకు వేసి వడ్డించి, ఆ తర్వాతే మేం తింటాం.

నాయనకు కూడా రాయి వేయాలని మా జేజినాయన శేషయ్య, అంటే నాయన వాళ్ల నాయన, ఆళ్లగడ్డ శిల్పిని పిలిపించాడు. శిల్పి మామూలుగా అడిగే మాటే అడిగాడు. కింది అరలో ఏం చెక్కాలి? జేజినాయనకు తెలియలేదు. బూడిద తెచ్చిన ఆఫీసర్ని అడిగాడు, మావోడు ఎవరి కోసం సచ్చినాడు సామీ అని. దేశం కోసం అన్నాడు ఆఫీసరు.

"యా దేశం కోసం? మన దేశం మీదికి ఎవురొచ్చినారు?" అన్నాడట జేజినాయన.

ఆఫీసరు కాఫీ తాగి వెళ్లిపోయాడు. తాసిల్దారును అడిగితే శాంతి కోసం అన్నాడు. శాంతికి మొగం యట్లుంటాదో చెప్పు చెక్కిస్తా అన్నాడు జేజినాయన. ఎమ్మెల్యేను అడిగాడు, పేపరాయన్ని అడిగాడు. ఒక్కడూ కింది అరలో చెక్కడానికి పనికొచ్చే మాట చెప్పలేదు. ఆయన మొండి మనిషి. ఎందుకో తెలియకుండా నా కొడుక్కు రాయి వేయను అన్నాడు. అలాగే పోయాడు.

రాయి లేనిది ఆకు ఎక్కడ వేస్తారు? అందుకని మా నాయనకు ఆకు లేదు. ఏటా పాత రాయి ముందు వడ్డించాక అమ్మ గరిటె చేత్తో పట్టుకుని కొంచెంసేపు అలాగే నిలబడేది. ఇంకొకరికి వడ్డించాల్సి ఉన్నట్టు. తర్వాత గిన్నె మూసేది. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నది ఇదే. మా అమ్మ వెంకటమ్మకు జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే, తాను పోయేలోపు ఆ గరిటెలోది ఒక ఆకులో పడాలి.

విజయభాస్కర్ మా ఇంటికి వచ్చింది పోయిన శీతాకాలంలో. నంద్యాలలో అందరూ భాస్కరన్న అంటారు. ఏ పదవిలో ఉన్నాడో నాకెప్పుడూ అర్థం కాలేదు గానీ ఏ మీటింగులోనైనా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. అప్పుడు టీవీల్లో ఒకటే గోల, పక్క దేశంలో మనవాళ్లను కొడుతున్నారు, సైన్యాన్ని పంపాలి అని. ఏ పక్క దేశమని అడక్కండి. టీవీకి నెలకో పక్క దేశం.

"అమ్మా, మీ ఇంటాయన మన జిల్లాకే గర్వం," అన్నాడు భాస్కరన్న కుర్చీలో కూర్చుంటూనే. "నంద్యాలలో పెద్ద సభ పెడతాండాం. సైన్యాన్ని పంపాలని గట్టిగా అడగాల. ఆ పొద్దు మీ ఆయన విగ్రహం కూడా పెడతాం. ఖర్చంతా మాదే. మీరు వచ్చి గుడ్డ తీస్తే చాలు."

ఇన్నేళ్లు ఏ అటక మీద దాచుకున్నాడో ఈ గర్వాన్ని! నాయన వర్ధంతికి ఏనాడూ ఒక పువ్వు తేనివాడు, ఇంకో నలుగురిని పంపాల్సి వచ్చేసరికి పాత చావు గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చాడు. నేను ఆ మాట అనబోయాను. అమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"విగ్రహం వద్దప్పా," అంది. "వీరగల్లు చేయించు. నీ మీటింగు అయిపోయినంక మా చేన్లోకి తెచ్చుకుంటా."

భాస్కరన్న మొహం వెలిగిపోయింది. "ఇంకా మంచిది గదా! మన సంస్కృతి! టీవీవోళ్లు ఎగబడి తీస్తారు." వీరగల్లంటే ఏదో పాతకాలపు విగ్రహం అనుకున్నాడు పాపం. దానికి కింది అర ఒకటి ఉంటుందనీ, అది జవాబు అడుగుతుందనీ ఆయనకు తెలియదు.

ఆళ్లగడ్డలో హైవే పక్కన శిల్పుల షెడ్లు వరసగా ఉంటాయి. తలలు ఇంకా చెక్కని దేవుళ్లు, చేతులు ఇంకా చెక్కని నాయకులు దుమ్ములో నిలబడి బస్సులను చూస్తుంటారు. అప్పట్లో జేజినాయన పిలిపించిన శిల్పి కొడుకు బాలసుబ్రహ్మణ్యం ఇప్పుడు ఆ షెడ్డు నడుపుతున్నాడు. గుళ్లకూ గుంటూరుకూ హైదరాబాదుకూ బొమ్మలు పంపుతాడు. భాస్కరన్న ఇప్పించే ఆర్డర్లు కూడా తక్కువేం కాదు. అమ్మా నేనూ పోయేసరికి నల్లరాయి పలక ఒకటి తీసి పెట్టి ఉన్నాడు.

"పై అరలు రెండూ ఎప్పుడూ ఉండేటివే అక్కా," అన్నాడు. "కింద ఏం జెయ్యాల?"

అమ్మ నావైపు చూసింది. పదేళ్లకు పైగా విదేశాంగ విధానం చెప్తున్నదాన్ని, నేను శిల్పి వైపు చూశాను. బాలసుబ్రహ్మణ్యం భాస్కరన్నకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"ఇండియా మ్యాపు చెక్కు," అన్నాడు ఫోన్లోంచి భాస్కరన్న.

"అన్నా, ఆయప్ప సచ్చింది ఈ మ్యాపులో కాదు గదా. సముద్రం అవతల."

"అయితే శాంతి అని చెయ్యి. పావురం పెట్టు."

"పావురాన్ని కాపాడబోయి సచ్చినాడనుకుంటారన్నా సూసేటోళ్లు. పక్కన పిల్లిని కూడా పెట్టాల్సొస్తాది."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వినందుకు ఒళ్లు మండింది. అవతలివైపు ఆయన కూడా విసుక్కున్నాడు.

"శత్రువుల్ని చెక్కప్పా. కాళ్ల కింద పడినట్ల చెక్కు."

"యట్లుండాలన్నా వాళ్లు?"

"యట్లుంటారు శత్రువులు? శత్రువుల మాదిరి ఉంటారు!"

నేను ఫోను లాక్కున్నాను. "భాస్కరన్నా, మా నాయన్ని పంపింది తమిళోళ్లను కాపాడమని. ఆయన్ని కాల్చింది తుపాకులు పట్టిన ఆ తమిళ పిల్లోళ్లే. సైన్యం పంపనీకి సంతకం పెట్టిన లంక సర్కారే తర్వాత మీరు ఎళ్లిపోండి అనింది. వెనక్కొచ్చినోళ్లను మన దేశంలోనే శానామంది పలకరించల్యా. ఇంతమందిలో కాళ్ల కింద ఎవురిని పెట్టాల్నో మీరే చెప్పండి."

"నువ్వు పుస్తకాలు చదివేదానివమ్మా ఇంద్రజా. జనాలకు అంత అవసరంల్యా," అన్నాడు ఆయన. ఫోను పెట్టేశాడు.

జనాలకు అవసరం లేదట! చచ్చేది మాత్రం ఆ జనాలే. నేను షెడ్డు బయట నిలబడి నోటికొచ్చినట్టు తిడుతుంటే అమ్మ నా వెనక వచ్చి నిలబడింది. "అరిస్తే రాయి చెక్కుకుంటుందా," అంది. "పాణ్యం పోదాం పా. దేవదానాన్ని అడుగుదాం."

దేవదానం నాయనతో పాటు ఒకే దళంలో ఉన్నవాడు. బూడిద తెచ్చినప్పుడు ఆఫీసరు వెంట వచ్చాడు. జేజినాయన అడిగిన ప్రశ్నకు ఆయన కూడా ఆ రోజు జవాబు చెప్పలేదట. తలవంచుకుని నిలబడ్డాడట. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. పాణ్యంలో చర్చి వెనక వీధిలో ఉంటాడు. మేం పోయేసరికి అరుగు మీద కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు. అమ్మను చూసి లేచి నిలబడ్డాడు. ఇక కూర్చోలేదు.

"దేవదానం, రాయి చేయిస్తాండా," అంది అమ్మ. "కింద ఏం చెక్కాల్నో నువ్వే చెప్పాల. ఆ పొద్దు చెప్పల్యా. ఈ పొద్దు చెప్పు."

ఆయన కొడవలి పిడి గట్టిగా బిగించాడు. తర్వాత చెప్పాడు.

"మేము దిగినప్పుడు దండలేసినారు వదినమ్మా. శ్రావణమాసం. రోడ్డుకు రెండు పక్కలా జనం. మా బండ్ల మీద పూలు సల్లినారు. ఒక పిల్ల, పదారో పదిహేడో ఉంటాయి, శేఖరన్న మెళ్లో దండేసి అన్నా అనె. వాళ్ల భాషలో కూడా అన్నంటే అన్నే. శేఖరన్న నవ్వి, నాకు ఈడ ఒక చెల్లెలు దొరికెరా దేవదానం అన్నాడు. వాళ్లింటి ముందర బావి. నీళ్లకు దినామూ ఆడికే పోతాంటిమి. చేద ఆ పిల్లే ఇచ్చేది."

"తర్వాత?" అన్నాను నేను.

"తర్వాత ఏందీ, ఆర్డరు మారె. దసరా అయినంక. నిన్నటిదాంక వాళ్లను కాపాడండి అన్నోళ్లే, వాళ్లకాడ తుపాకులు గుంజుకోండి, ఇయ్యకుంటే కాల్చండి అన్నారు. ఎందుకు మారెనో మాకు ఎవురు చెప్తారు? పైన ఎవురికో ఎవురితోనో పొసగల్యా. మేము అదే బావి కాడికి తుపాకులు పట్టుకోని పోయినాం. గోడ సాటు నుంచి ఒకరు లేచినారు. ఆ పిల్లే. చేతిలో తుపాకి. శేఖరన్న ముందరుండాడు. గురి పెట్టినాడు. మళ్ల మొగం చూసి దించినాడు. నేనమ్మా, నేను, అన్నాడు. అంతే. ఆ పిల్ల దించల్యా."

"ఆ పిల్ల ఏమాయె?" అంది అమ్మ.

"నేను కాల్చినా."

ఆయన కొడవలి కింద పెట్టాడు. "కొడుకు ఎందుకు సచ్చినాడని మీ మామ అడిగితే నేనేం చెప్పేది? మీవోడు తుపాకి దించినందుకు సచ్చినాడంటే పిరికోడంటారేమో అని భయపడితి. పిరికోడు కాదు వదినమ్మా. ఎవుర్ని కాపాడమని పంపినారో వాళ్లనే కాల్చమంటే ఆయప్పకు చేతకాల్యా. నాకు చేతనాయె. అదే తేడా."

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఇన్నేళ్లు నోరు మూసుకున్నందుకు దేవదానం మీద కూడా వచ్చింది. కానీ పాణ్యం నుంచి బస్సులో వస్తుంటే ఆ కోపం ఇద్దరి మీదా నిలవలేదు. దండ తీసుకోమన్నది ఎవరు, రెండు నెలలకే తూటా పెట్టమన్నది ఎవరు? ఢిల్లీలో ఏ గదిలో, ఏ టీ తాగుతూ ఆ మాట మార్చుకున్నారు? మార్చుకున్నవాళ్లలో ఒక్కడైనా ఆ బావి నీళ్లు తాగాడా? వాడి మొహం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. తెలిస్తే అది చెక్కించేదాన్ని. నంద్యాలలో దిగేదాకా పళ్లు నూరుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమెకు జవాబు దొరికింది.

మర్నాడు బాలసుబ్రహ్మణ్యానికి అమ్మే చెప్పింది. ఎడమపక్క దండ పట్టుకున్న పిల్ల. కుడిపక్క బావి, దాని గోడ వెనక తుపాకి పట్టుకున్న పిల్ల. నడుమ మా నాయన, తుపాకి నేలకు దించి.

"ఇద్దరు పిల్లలకూ ఒకటే మొగం పెట్టు," అంది. "చూసేటోళ్లకు తెలియాల."

"తుపాకి దించినోన్ని వీరగల్లులో యాడా సూడలేదక్కా."

"ఇప్పుడు సూడు."

చెక్కాడు. మనిషి ఎలాంటివాడైనా చెయ్యి మంచిది. ఫోటో పంపితే నేను స్టాఫ్ రూములో చూసి ఏడ్చాను. ఇటు చూస్తే నవ్వుతున్న పిల్ల, అటు చూస్తే అదే ముక్కు, అవే కళ్లు, నవ్వు లేదు. మా నాయన తల కొంచెం వంచి ఉంది. పుట్టి ఇంతకాలానికి ఆయన నాకు మొదటిసారి మనిషిలా కనపడ్డాడు. అదివరకు ఆయన ఒక ఫోటో, ఒక పెన్షను, ఒక పది మార్కుల ప్రశ్న.

అదే ఫోటో భాస్కరన్నకు కూడా పోయింది. సాయంత్రం ఫోను.

"ఇదేందమ్మా ఇది? తుపాకి దించినోడు వీరుడెట్లయితాడు? సైన్యాన్ని పంపండి అని నేను అరుస్తాంటే ఎనక ఈ బొమ్మ ఉంటే ఏమనుకుంటారు జనాలు?"

"ఏమనుకోవాల్నో అదే అనుకుంటారు."

"మీ నాయన పరువు తీస్తాండావు నువ్వు."

"మా నాయన పరువు సంగతి మీకెందుకన్నా? మీ కొడుకులు ఇద్దరూ బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకుంటాండారు గదా, ఒకన్ని పంపండి పక్క దేశానికి. వాడు తుపాకి ఎత్తుతాడో దించుతాడో చూద్దాం."

ఆయన గొంతు చల్లబడిపోయింది. "సరేలే. నేను చూసుకుంటా," అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. నోరు పెద్దదైతే గెలిచినట్టే అనుకునే రకం నేను.

సభ పాత బస్టాండు దగ్గర పెట్టారు. జెండాలు, డప్పులు, మజ్జిగ ప్యాకెట్లు, మా కాలేజీ పిల్లలు కూడా కొందరు. స్టేజీ మీద వీరగల్లు, దాని మీద మూడు రంగుల గుడ్డ. బాలసుబ్రహ్మణ్యం ఎక్కడా కనపడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. భాస్కరన్న మైకు పట్టుకుని మా నాయన రక్తం పిలుస్తోంది అన్నాడు. మనవాళ్లను తాకినవాడి దేశంలోకి దూరి కొట్టడమే మన విధానం కావాలి అన్నాడు. మా నాయన లంకకు పోయింది ఎవరినీ దూరి కొట్టడానికి కాదని నేను స్టేజీ కిందినుంచి గొణుక్కుంటుంటే పక్కనున్నాయన ష్ అన్నాడు. అమ్మను పైకి పిలిచారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. అమ్మ గుడ్డ లాగింది.

పై అరలో సూర్యచంద్రులు తళతళా మెరుస్తున్నారు. మధ్య అరలో నాయన అప్సరసల నడుమ పైకి పోతున్నాడు. కింది అర నున్నగా ఉంది. గ్రైండరు పెట్టి మొత్తం కొట్టేశారు. పిల్ల లేదు, బావి లేదు, నాయన లేడు. దాని మీద తెల్ల పెయింటుతో దేశం కోసం అని రాశారు.

జనం చప్పట్లు కొట్టారు. అమ్మ వంగి కింది అర మీద చెయ్యి పెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకు తడిమింది. పెయింటు ఇంకా పూర్తిగా ఆరలేదు, వేళ్లకు అంటుకుంది.

"ఇంద్రా, ఆ పిల్ల యాడ?" అంది. "మీ నాయన యాడ?"

నాకు కళ్లు కనపడలేదు. భాస్కరన్న చొక్కా పట్టుకునేదాన్నే. కానీ అప్పటికే అమ్మ ఆయన చేతిలోని మైకు దగ్గరకు పోయింది. రెండు మంచి మాటలు చెప్తుందనుకుని ఆయనే నవ్వుతూ మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"పంపాల పంపాల అంటాండావు గదప్పా," అంది అమ్మ. "పంపు. నేను వద్దంటే ఆగేటోనివి కాదు. కాకపోతే ఒకటి జెయ్. పంపేటందుకు ముందే రాయి చెక్కించు. సచ్చినంక కాదు, ముందే. ఎవుర్ని కాపాడనీకి పోతాండారో కింద చెక్కించు. ఎవురితో కొట్లాడేదో చెక్కించు. పోయే పిల్లోనికి ఆ రాయి చూపించు. వాడు సరే అంటేనే పంపు. వాడు ఆడికి పోయినంక నడమల బొమ్మ మార్చొద్దు. మావోన్ని పంపేటప్పుడు ఒకటి చెప్పిరి, పోయినంక ఇంకోటి చెప్పిరి, సచ్చినంక ఎవురూ ఏం చెప్పకపాయిరి. ఇప్పుడు మేము కనుక్కోని చెక్కిస్తే అది కూడా గీకేస్తిరి. నున్నటి రాయి పెట్టుకోని యట్ల పంపుతావప్పా ఇంకొకరి బిడ్డను?"

మైకు ఆగిపోయింది. వైరు పీకారు. "అమ్మ శానా బాధలో ఉంది," అని భాస్కరన్న ఇంకో మైకు అందుకున్నాడు. నేను ఊరుకోలేదు. "ఇక్కడ ఒక ఆడపిల్ల ఉండె! ఇక్కడ మా నాయన తుపాకి దించి ఉండె! చూడండి, గీకిన గుర్తులు చూడండి!" అని గొంతు చిరిగేలా అరిచాను. ముందు వరసలో కొందరు మెడ చాచి చూశారు. ఒకాయన ఫోన్లో వీడియో తీశాడు. వెనకవైపు మజ్జిగ ప్యాకెట్లు పంచుతున్నారు, చాలామంది అటు పోయారు. డప్పులు కొట్టమని ఎవరో సైగ చేశారు. ఇక నా అరుపు నాకే వినపడలేదు.

ఆ రాయి ఇక భాస్కరన్నకు అక్కర్లేకపోయింది. మర్నాడు ట్రాక్టరు మాట్లాడుకుని ఆళ్లగడ్డకు తీసుకుపోయాం. బాలసుబ్రహ్మణ్యం మమ్మల్ని చూసి షెడ్డు వెనక్కి పోబోయాడు.

"నిలబడు!" అన్నాను. "మా నాయన్ని ఒకసారి లంకలో చంపినారు. రెండోసారి నువ్వు చంపినావు. నీ చేత్తో చెక్కి నీ చేత్తోనే యట్ల కొట్టేసినావు?"

"తుపాకి ఎత్తినట్ల మార్చమన్నాడు పాపా. రాతిలో తీసేదే గానీ అతికించేది ల్యా అంటి. అయితే తీసెయ్ అనె. గుడి ఆర్డరు రద్దు చేయిస్తా అనె. నాకాడ ఇరవైమంది పని చేస్తాండారు." ఆయన అమ్మ మొహం చూడలేక కిందికి చూస్తున్నాడు. ఆర్డరు అంటే చాలు, మన దేశంలో అందరి చేతులూ వాటంతటవే కదుల్తాయి. నేను ఇంకా తిట్టబోయాను.

అమ్మ రాయి అంచు మీద వేలు పెట్టి మందం చూస్తోంది. "ఇంకా లోపలికి రాయి ఉండాదా?" అంది.

"ఉండాదక్కా. పలక మందంగానే ఉండాది."

"అయితే లోపలికి చెక్కు. అదే బొమ్మ. మళ్ల ఎవురు గ్రైండరు పెట్టినా అందకూడదు. ఈ తూరి కూలి మాది."

ఆయన ఉలి తీసుకున్నాడు.

కొత్త జొన్నలు వచ్చాక ఒక మధ్యాహ్నం చేని గట్టు మీద పాత రాయి పక్కన కొత్త రాయి నిలబెట్టాం. కింది అర చేతి మందం లోపలికి పోయింది. లోపల నీడలో ఆ పిల్ల రెండు చోట్లా ఉంది. నడుమ మా నాయన ఉన్నాడు. దేవదానం కూడా వచ్చాడు. దూరంగా నిలబడితే అమ్మ కేకేసి దగ్గరికి రమ్మంది. ఆయన వచ్చి కింది అర చూసి, చూడలేక, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ పాత రాయి ముందు ఒక ఆకు వేసి వడ్డించింది. కొత్త రాయి ముందు ఇంకో ఆకు వేసింది. ఇన్నేళ్లు గాల్లో ఆగిన గరిటె ఆ ఆకులోకి దిగింది. జొన్న సంగటి, పప్పు, వంకాయ కూర. అంతలో అమ్మ మూడో ఆకు తీసి, కడిగి, నాయన ఆకు పక్కన పరిచింది.

"ఇదెవురికిమా?" అన్నాను.

"ఆ పిల్లకు."

"నాయన్ని చంపినదానికి ఆకేస్తావా? ఏం మనిషివి నువ్వు?"

"దాన్ని కూడా ఎవురో పంపినారు గదే. లేకుంటే ఆ పొద్దు బావి కాడ నీళ్లు చేదుకుంటాండె."

"అయితే పంపినోళ్లందరికీ ఎయ్యి! ఈడోళ్లకు, ఆడోళ్లకు, ఢిల్లీలో ఉండేటోళ్లకు, భాస్కరన్నకు, అందరికీ తలా ఒక ఆకు ఎయ్యి!" అని అరిచాను. దేవదానం తువ్వాలు తీసి నావైపు చూశాడు.

అమ్మ మూడో ఆకులో సంగటి పెట్టి, నడుమ గుంట చేసి పప్పు పోసింది. తలెత్తకుండానే అంది.

"వాళ్లెవురూ సావల్యా గదే, ఆకేయనీకి."